ఉమ్ సలాల్‌లో రాజన్న రాయబారం

రాజన్నది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. ఊళ్లో ఎవరినడిగినా అతను దుబాయ్‌లో ఉన్నాడని చెబుతారు. దుబాయ్ ఎటువైపు ఉంటుందో కూడా అతనికి తెలియదు. అతనున్నది ఖతర్‌లో, దోహాకు ఉత్తరాన ఉమ్ సలాల్‌లో, తనకు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, తోటలో.

తోట అనగానే మామిడితోపును ఊహించుకుంటే రాజన్నకు అన్యాయం చేసినట్టే. చుట్టూ ప్రహరీ, లోపల దుమ్ము పట్టిన ఖర్జూరపు చెట్లు, కాస్త పచ్చగడ్డి, నాలుగు టమాటా మళ్లు, ఎవరి మాటా వినని మేకలు, ఉప్పునీళ్ల బావి మీద పొద్దస్తమానం దగ్గే ఒక డీజిల్ పంపు. కఫీల్ గురువారం సాయంత్రం కుటుంబంతో వచ్చి, మేకల్ని పలకరించి, శుక్రవారం వెళ్లిపోయేవాడు. మిగతా రోజుల్లో ఆ రాజ్యానికి ప్రజలు ముగ్గురే. మేకలకు నీళ్లు పెట్టడం, మళ్లు తడపడం, వంట చెయ్యడం రాజన్న డ్యూటీ. అసలు డ్యూటీ మాత్రం రాయబారం. దానికి జీతం లేదు.

గేటు దగ్గర ముక్బిల్ ఉండేవాడు, పంపు గదిలో అబ్దో. ఇద్దరూ యెమెన్ వాళ్లే, ఇద్దరికీ గడ్డాలు నెరిశాయి. ముక్బిల్ ఉత్తరాది కొండల్లో ఒక తెగవాడు. కూరగాయల బండి వచ్చినా శత్రుసైన్యం వచ్చినట్టే లేచి నిలబడేవాడు. అబ్దో దక్షిణాన తయిజ్ వైపువాడు, మెకానిక్కు. యంత్రం ఎంత మొండిదైనా అతని తిట్లకు భయపడి తిరగాల్సిందే. వాళ్లు మాట్లాడుకునేది అరబ్బీయే గాని, రాజన్న చెవిలోకి వెళ్లేసరికి ఏ భాషైనా మెట్‌పల్లి యాసలోకి మారిపోయేది.

అబ్దో ఆ తోటలో ముందునుంచీ ఉన్నాడు. తొంభైలో ముక్బిల్ వచ్చి చేరిన రోజున, మొదటి టీ చల్లారేలోగా, నీది ఏ ఊరంటే నీది ఏ ఊరని మొదలుపెట్టి ఇద్దరూ ఇరవై ఏళ్ల కిందటి యుద్ధంలో తేలారు. అప్పట్లో యెమెన్‌లో రాజుండేవాడు. సైన్యం అతన్ని దింపేసి గణతంత్రం ప్రకటించింది. రాజు కొండల్లోకి వెళ్లి తెగలను కూడగట్టాడు. ఆ తగువు ఏళ్ల తరబడి సాగి, చివరికి ఒక చలికాలంలో రాజు మనుషులు సనా నగరం చుట్టూ ఉన్న కొండలెక్కి కూర్చున్నారు. ఊరు పడితే రాజు గెలిచినట్టు, నిలబడితే గణతంత్రం గెలిచినట్టు. డెబ్బై రోజులు పైనుంచి ఫిరంగులు కొట్టారు. ఊరు పడలేదు. అప్పుడు కొండ మీద ముక్బిల్ ఉన్నాడు, కింద ఊళ్లో అబ్దో ఉన్నాడు.

"మేం ఓడలే," అన్నాడు ముక్బిల్. "చలి ఎక్కువైంది. ఇండ్లకు పోయినం."

"డెబ్బై దినాలు తెల్వని చలి, పడమటి తొవ్వల మావోళ్ల లారీలు కనవడంగనే తెల్సిందా?" అన్నాడు అబ్దో.

ముక్బిల్ లేచి నిలబడ్డాడు. టీ గ్లాసు నేల మీద బోర్లించి ఒట్టు పెట్టాడు. "ఇగ నీతోని ఒక్క మాట మాట్లాడితే, నా పెండ్లానికి మూడు తలాకులు."

వాళ్ల కొండల్లో మగవాళ్లు కోపమొస్తే పెట్టే ఒట్టు అది. మాట తప్పితే పెళ్లి రద్దు. పాపం ఆ ఇల్లాలు ఎక్కడో యెమెన్ కొండల్లో గోధుమలు విసురుకుంటూ ఉంది. మొగుడు తనను ఒక టీ గ్లాసు మీద పణం పెట్టాడని ఆమెకు తెలియదు. కోపం చల్లారాక ముక్బిల్ మసీదుకు వెళ్లి దారి అడిగాడు. పేదలకు అన్నం పెడితే ఒట్టు తీరుతుందన్నాడు అక్కడి మౌల్వీ. ఆ మౌల్వీ తమ కొండల పద్ధతిలో చదువుకున్నవాడు కాడు. పిల్లల్ని కని పెంచిన భార్యను పరాయి మౌల్వీ మాట నమ్మి పోగొట్టుకునే ధైర్యం ముక్బిల్‌కు లేకపోయింది. నోరు మూసుకున్నాడు. అబ్దోకు ఏ ఒట్టూ లేదు గాని, బదులియ్యని జీవాలతో మాట్లాడటానికి తానేమైనా మేకల కాపరినా అన్నాడు. మేకల కాపరి రాజన్న ఆ మాట విననట్టు ఊరుకున్నాడు.

అలా మొదలైంది రాయబారం. తోటలో టీ కాచేది అబ్దో.

"ఇది టీ గాదు, మేక ఉచ్చ అని చెప్పు ఆయినకు," అనేవాడు ముక్బిల్.

రాజన్న పంపు గదికి వెళ్లేవాడు. "చాచా, కొద్దిగ చక్కెర తక్కువైందంటున్నడు."

"తక్కువైంది టీల గాదు, ఆయిన నోట్లె. పుట్టినప్పటిసంది తక్కువే. పోయి చెప్పు."

రాజన్న గేటు దగ్గరికి తిరిగొచ్చేవాడు. "రేపటిసంది రెండు చెంచాలు ఎక్కువేస్తడట చాచా."

అందులో అతనికి కష్టమేమీ లేదు. ఇవతలి మాట అవతలికి చేరేలోగా దానికి ముళ్లు తీసి, ఉప్పు కడిగి, వీలైతే ఒక పువ్వు పెట్టేవాడు. ఒకసారైతే ముక్బిల్ జ్వరం నుంచి లేచిన రోజున, కొండల తెగవాళ్లు ఎగిరే పిట్ట కనురెప్పను కూడా గురి చూసి కొడతారని అబ్దో మెచ్చుకున్నాడని చెప్పాడు. ఆ వారమంతా గేటు దగ్గర ముక్బిల్ ఛాతీ ప్రహరీ కన్నా ఎత్తుగా ఉంది. అబ్దో ఆ రోజు అన్నది వేరు. ముసలోడు పోతాడా ఉంటాడా, ఖర్జూరాలు ఎవరు కోస్తారు అని.

తొంభై రెండులో రాజన్న సెలవు మీద ఊరికి పోయాడు. ఆ రోజుల్లో ఫోను మాట్లాడటం పెద్దవాళ్ల సంగతి. ఊరికి పోయేవాళ్ల చేతికి మాటలు నింపిన క్యాసెట్టు ఇచ్చి పంపేవాళ్లు, అటునుంచి ఇంకో క్యాసెట్టు వచ్చేది. భార్య మాలతి గొంతు, పిల్లల గొంతులు, వెనక కోళ్ల అరుపులు. తమ్ముడు రాజేందర్ గొంతు మాత్రం చాలా రోజులుగా రావడం లేదు. "నీ తమ్ముడు పొలం కాడికి పోయిండు, మల్ల మాట్లాడ్తడట," అనేది మాలతి. రాజన్న తిరుగు క్యాసెట్టులో తమ్ముణ్ణి ఆటపట్టించేవాడు. "ఏమిరా, అన్నతోటి మాట్లాడ తీరుతలేదా? సర్పంచ్‌వైనవా ఏంది?" అని పొడిచి, తనే నవ్వి, ఆ నవ్వు కూడా నింపి పంపేవాడు.

సెలవుకు వెళ్లి, తమ్ముడికి కొన్న ప్యాంటు గుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు చెప్పారు. రాజేందర్ బావి దగ్గర మోటారు వైరు తగిలి పోయాడు. పోయింది ఇప్పుడు కాదు, కిందటి ఎండాకాలం. చెబితే పని వదిలేసి వచ్చేస్తాడని ఇంటిల్లిపాదీ దాచారు. అతను ఏడుస్తాడని వాకిట్లో అందరూ కాచుకుని నిలబడ్డారు. రాజన్న "అట్లనా," అన్నాడు. అన్నం పెట్టమన్నాడు. తిన్నాడు.

తిరిగొచ్చాక కూడా అంతే. ఎండిపోయిన బోరు మీద మోటారు తిరిగినట్టు లోపల ఏదో తిరిగేది, నీళ్లు మాత్రం రాలేదు. మేకలు ఈనితే సంతోషం లేదు, చస్తే బాధ లేదు. రాయబారం మాత్రం మానలేదు. మాటలకు పూలు పెట్టడం చేతికి వంట అలవాటైనట్టు నోటికి అలవాటైపోయింది.

తొంభై నాలుగు ఎండాకాలంలో యెమెన్‌లో మళ్లీ యుద్ధమొచ్చింది, ఈసారి ఉత్తరానికీ దక్షిణానికీ. ముసలివాళ్లిద్దరూ ఒకే రేడియోకు చెరోవైపు కూర్చుని వార్తలు వినేవారు. ఒక రోజు వార్తలయ్యాక అబ్దో రాజన్నను పంపు గదిలోకి పిలిచాడు.

"ఒక్కటే మాట అడుగు ఆయిన్ని. సనాల యెమెన్ దర్వాజ పక్కపొంటి ఒక రొట్టెల భట్టి ఉండె. ఈద్ ముందటి దినం పొద్దుమూకంగ దాని మీద గుండు వడ్డది. నా తమ్ముడు సైఫ్ అండ్ల రొట్టెలు కాలుస్తుండె. పెండ్లయి మూన్నెల్లు గూడ గాలే. గుండు వచ్చింది నుఖుమ్ కొండ మీదికెల్లి. గా దినం ఆయిన ఆ ఫిరంగి కాడ ఉన్నడా, లేడా. గంతే అడుగు."

ఇంతకాలం ఆ ఇద్దరి మధ్య మోసుకొచ్చిన మాటలన్నీ కలిపినా ఆ మాటంత బరువు లేవు. రాజన్న గేటు దగ్గరికి వెళ్లి, దాన్ని ఉన్నదున్నట్టే దించాడు.

ముక్బిల్ రోడ్డు వైపు తిరిగాడు.

"ఉన్నా," అన్నాడు. "పేల్చింది నేను గాదు, నాకు పేల్చ రాదు. గుండ్లు మోసిన. గా దినం గూడ మోసిన. రొట్టెల భట్టి అని మాకు తెల్వదు. పొగ కనవడ్డది, పొగ మీద కొట్టుమన్నరు. చెప్పు ఆయినకు. దాపకు."

రాజన్న వెనక్కి నడిచాడు. చెప్పాలనే నడిచాడు. పంపు గది గుమ్మంలో అబ్దో నిలబడి ఉన్నాడు, చేతిలో స్పానరు, దాన్ని పట్టుకున్నట్టు కూడా అతనికి తెలియడం లేదు. ఆ ముఖం చూశాక రాజన్న నోరు దాని అలవాటు అది చేసేసింది.

"గా దినం లేడట చాచా. జరమొచ్చి కొండ అవుతల వాళ్ల ఊళ్లె పండుకున్నడట. మూడు గొంగళ్లు కప్పినా వణుకు తగ్గలేదట."

గొంగళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో రాజన్నకే తెలియదు.

"ఒట్టేసి చెప్పిండా?"

"ఏసిండు."

అబ్దో స్పానరు కింద పెట్టాడు.

అప్పటిదాకా అబ్దో పంపు గదిలో ఒక్కడే తినేవాడు. రాజన్న, ముక్బిల్ వంటగది బయట చాప మీద పెద్ద పళ్లెం పెట్టుకుని తినేవారు. ఆ సాయంత్రం అబ్దో తన గ్లాసు పట్టుకుని వచ్చి, చాప మీద కూర్చుని, వాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టాడు. ముక్బిల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తమ్ముడి రక్తం ఎవరి చేతికి అంటిందో తెలిసిన మనిషి ఆ చేతితో కలిపి ఒకే పళ్లెంలో తినడం వాళ్లలో ఉండదు. తిన్నాడంటే క్షమించినట్టే, ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. ముక్బిల్ తల దించుకుని, మాంసం ముక్కల్లో మంచివి ఏరి అబ్దో వైపు జరిపాడు. అతని గడ్డం తడిసింది.

రాజన్నకు సగం అర్థమైంది, తర్వాత కొన్నాళ్లకు మిగతా సగం కూడా అర్థమైంది. ముక్బిల్ నిజం చెప్పి పంపాడు, అది చేరిందనుకుంటున్నాడు. అబ్దో అబద్ధం విన్నాడు, అదే నిజమనుకుంటున్నాడు. ఇద్దరూ కడుపునిండా తింటున్నారు. ఒట్టు ఉన్నంతకాలం ఇద్దరి మాటలూ తన నోటిగుండానే పోవాలి. ఇక భయమేముంది అనుకున్నాడు. తోమాల్సిన పళ్లెం కూడా ఒకటి తగ్గింది.

అలా నాలుగేళ్లు గడిచాయి.

తొంభై ఎనిమిదిలో, ఖర్జూరం గెలలు రంగు తిరుగుతున్న రోజుల్లో, దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉండే ముక్బిల్ మేనల్లుడు కారు వేసుకుని వచ్చాడు. పోలీసు ఉద్యోగి, ఆ రోజు యూనిఫాం లేదు. గేటు దగ్గరే మామయ్య భుజం పట్టుకుని చెప్పాడు. ముక్బిల్ భార్య పోయింది.

రాజన్న కాఫీ కాచాడు. చాపలు పరిచాడు. ముక్బిల్ కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. రాజన్న ఆ గ్లాసు తిరిగి తీసుకుంటుంటే తట్టింది. ఆమె పోయింది. ఆమె మీద పెట్టిన ఒట్టు కూడా పోయినట్టే. ముక్బిల్ ఇప్పుడు అబ్దోతో మాట్లాడొచ్చు.

పరామర్శకు మూడు రోజులు జనం వచ్చిపోయారు. అబ్దో కూడా అందరితోపాటు వచ్చి, చెయ్యి కలిపి, దేవుడి పేరెత్తి కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ రాజన్న ఇద్దరినీ ఒంటరిగా వదల్లేదు. మేకకు కడుపుబ్బిందన్నాడు, మోటారు బెల్టు జారుతోందన్నాడు. బెల్టు నిజంగానే జారింది, దాన్ని వదులు చేసింది అతనే. రెండుసార్లు పంపు గది గుమ్మం దాకా వెళ్లి, ఇప్పుడు చెప్పేద్దామనుకుని, "చాచా, రాత్రికి మిరపకాయ తక్కువెయ్యనా?" అని అడిగి వచ్చేశాడు. భయపడాల్సిన చోట భయం కూడా సరిగా రాలేదు. ఎవరో పక్కూరి మనిషి ఇరుక్కుంటుంటే చూస్తున్నట్టుంది. కాని ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలుసు. తను నిలబెట్టిందంటూ ఈ లోకంలో ఏదైనా ఉంటే అది ఆ ఒక్క పళ్లెం. ఒక్క మాటతో అది పోతుంది.

నాలుగో రోజు సాయంత్రం జనం ఎవరూ రాలేదు. ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. రెండు ముద్దలయ్యాక ముక్బిల్ తలెత్తాడు.

"అబ్దో."

ఎనిమిదేళ్ల తర్వాత అతని నోటి నుంచి ఆ పేరు వచ్చింది. అబ్దో నమలడం ఆపాడు.

"నా ఇంటామె పోయింది. ఒట్టు గూడ పోయింది. నోరు తెరిస్తె మొదాలు ఈ మాటనే చెప్పాలె అనుకున్న. నీ తమ్ముని మీద వడ్డ గుండు మోసింది నేనే అని చెప్పి పంపితె, అదే దినం వచ్చి నా పళ్లెంల చెయ్యి వెట్టినవ్. గసొంటి మనిషిని మా కొండలల్ల గూడ సూడలే. నాలుగేండ్లసంది పండుకుంటె నిద్ర వడ్తున్నది. దేవుడు నిన్ను సల్లగ సూడాలె."

అబ్దో నోట్లో ఉన్నది మింగాడు. రాజన్న వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత చెయ్యి తుడుచుకుని లేచి పంపు గదికి వెళ్లిపోయాడు.

"మనసు కరిగింది పాపం," అన్నాడు ముక్బిల్. అబ్దో వదిలేసిన వైపు అన్నం చల్లారకుండా దాని మీద ఒక రొట్టె కప్పాడు.

రాజన్న పంపు గదికి వెళ్లాడు. అబ్దో నూనె డబ్బా మీద కూర్చుని ఉన్నాడు.

"గా దినం ఆయిన ఏమన్నడు? ఉన్నదున్నట్టు చెప్పు."

రాజన్న చెప్పాడు. ఉన్నా అన్నాడని, పేల్చలేదు, మోశాడని, పొగ కనబడిందని, పొగ మీద కొట్టమన్నారని, దాచొద్దన్నాడని. నాలుగేళ్లయినా ఒక్క ముక్క మరిచిపోలేదు. చెబుతుంటే ఆ మాటలు అప్పుడే గేటు దగ్గర నుంచి తెచ్చినట్టున్నాయి.

"గొంగళ్లు?"

"అవి నేనే కల్పిన."

అబ్దో తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, నూనె ఇంకా అంటి ఉందేమో అన్నట్టు.

"మాఫ్ చేసుడు నా పని," అన్నాడు. "చేస్తనో చెయ్యనో అది నా పని. నేను చెయ్యని పని నా పేరు మీద నువ్వు చేసిపెట్టినవ్."

"నువ్వు వచ్చి తింటవని నేననుకోలే చాచా."

"తిన్న. నాలుగేండ్లు తిన్న."

పంపు దగ్గుతూనే ఉంది. దాన్ని ఆపుదామని ఇద్దరికీ తోచలేదు.

"ఇప్పుడు పోయి చెప్పు," అన్నాడు అబ్దో. "నాకు తెల్వదని చెప్పు. ఇయ్యాల్నే తెల్సిందని చెప్పు. మాఫ్ చేస్తనో లేదో నాకే ఎర్కలేదు, ఆలోచన చేస్కోవాలె, యాడాది వడ్తదో సచ్చెదాక వడ్తదో అని చెప్పు. ఒక్క ముక్క కల్పకు. ఒక్క ముక్క తియ్యకు."

"పెండ్లాం పోయి నాలుగు దినాలు గాలే చాచా ఆయినకు."

"నాకు ఎర్కే."

"నువ్వే చెప్పరాదు? ఇప్పుడు ఒట్టు లేదు గదా."

"గా మాట మోసుకొచ్చింది నువ్వు. ఇది గూడ నువ్వే మొయ్యి."

పంపు గది నుంచి వంటగది దాకా దారి మామూలుగా చిన్నదే. ఆ సాయంత్రం రాజన్న నాలుక మీదికి అడుగుకో మాట వచ్చింది. కడుపులో నొప్పి లేచిందట. సంతోషం పట్టలేక పోయాడట. తమ్ముడు గుర్తొచ్చాడట, రేపు వచ్చి కూర్చుంటాడట. ఒక్కొక్కటీ ఎంత చక్కగా తయారై వచ్చిందంటే, ఏది చెప్పినా ముక్బిల్ నమ్మి హాయిగా పడుకునేవాడు. తమ్ముడు పొలం దగ్గరికి పోయాడని మాలతి ఎంత తేలిగ్గా అనేదో, ఇవీ అంత తేలిగ్గా వచ్చేవి.

ముక్బిల్ రొట్టె కప్పిన అన్నానికి కాపలా కాస్తున్నాడు.

రాజన్న నిలబడే చెప్పాడు. అబ్దో అన్న ముక్కలు అన్న వరసలోనే చెప్పాడు. అరబ్బీలో అంత పొట్టిగా, అంత బోడిగా అతనెన్నడూ మాట్లాడలేదు.

"మల్లొకసారి చెప్పు," అన్నాడు ముక్బిల్.

మళ్లీ చెప్పాడు.

"అంటే ఇన్ని దినాలు తెల్వకుంటనే తిన్నడా?"

"తెల్వకుంటనే."

"నువ్వు చెప్పలే."

"చెప్పలే చాచా."

కొడతాడేమో అనుకున్నాడు రాజన్న. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ముక్బిల్ రొట్టె తీసి చూశాడు, కింద అన్నం ఇంకా వెచ్చగానే ఉంది.

"పెండ్లాం మీద ఒట్టు వెట్టుకొని ఎనిమిదేండ్లు నోరు మూసుకున్న," అన్నాడు. "నువ్వు గూడ మూసుకుంటే అయిపోవు."

లేచి గేటు దగ్గరికి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ రాత్రి ఏ బండీ రాలేదు, ఎవరి కోసమూ లేవాల్సిన పని పడలేదు.

మర్నాటి నుంచి రాజన్న అబ్దో అన్నం పంపు గదికి వేరే పళ్లెంలో పట్టుకుపోయాడు. ఎవరూ చెప్పలేదు, అడగలేదు కూడా. ముసలివాళ్లిద్దరూ ఇప్పుడు నేరుగానే మాట్లాడుకునేవారు. బండి వస్తోంది, తలుపు తియ్యి. డీజిల్ అయిపోయింది. మేక మళ్లో పడింది. పనికి పట్టేంత మాట మాత్రమే. ఆ ఒక్క సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఖర్జూరాలు కోశారు. చలి వచ్చింది. కఫీల్ కొత్త పంపు కొన్నాడు, అది దగ్గదు.

మేకల్ని గేటు దాటిస్తున్నప్పుడు అప్పుడప్పుడు ముక్బిల్ కుర్చీలోంచి కదలకుండానే అడిగేవాడు.

"ఏమన్న అన్నడా?"

ముసలాయన ముఖం అలా ఎదురుగా కనబడితే రాజన్న నోట్లో ఏదో ఒకటి తయారైపోయేది. మొన్న నిన్ను తలుచుకున్నాడని, మెత్తబడుతున్నాడని, ఇంకా చాలా. దాన్ని మింగి, కర్రతో వెనకబడ్డ మేకను అదిలించేవాడు.

"లే చాచా. ఇంక ఏమనలే."